భీముడిది కోపం కాదని చెప్పిన డాక్టరమ్మ

నిన్న సాయంత్రం అమలాపురం నుంచి ఫోన్.

"సుభద్ర గారు లేరండి" అన్నారు.

"ఎక్కడికి వెళ్ళేరండీ?" అని అడిగాను. నిజంగానే అడిగాను. మొన్న ఆదివారం మా ఇంట్లో పనసపొట్టు కూర రెండోసారి వడ్డించుకుని తిన్న మనిషి మరి.

అవతల ఏడుపు వినబడింది. అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం పడుకుని మళ్ళీ లేవలేదట.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సుభద్ర గారు మా కొత్తపేటలో చాలా ఏళ్ళు పశువుల డాక్టరు, రిటైరయ్యాక అమలాపురంలో ఉండేవారు. సర్వీసులో ఉండగానే సెలవు పెట్టి మద్రాసులో ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. సూదులు ఎక్కువ వాడలేదు. "మన గేదెలు ఒప్పుకోవండీ బాబూ" అనేవారు.

కానీ అక్కడ విన్న ఒక సంగతి ఆవిడని వదల్లేదు. చైనా వైద్యంలో స్వభావాలు ఐదు రకాలట. చెట్టు, నిప్పు, మన్ను, లోహం, నీరు. ఆవిడ కుక్కల్ని ఆ కళ్ళతో చూడటం మొదలుపెట్టారు.

నేను నమ్మింది మా భీముడి వల్ల.

భీముడు మా కొబ్బరితోట కాపలా కుక్క. కూనగా ఉన్నప్పటి నుంచి నేనే పెంచాను. తొంభై ఆరు తుఫానులో రాత్రంతా తోటలోనే ఉండిపోయాడు. చుట్టూ చెట్లు కూలిపోయాయి, వాడు బతికాడు. కానీ ఆ తరవాత కాయ దబ్బున పడితే చాలు, పూనకం వచ్చినట్టు గొలుసు లాక్కునేవాడు.

ఒకరోజు కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చిన సూరిబాబు పిక్క పట్టేశాడు భీముడు.

"ఇది ఇంక ఉండకూడదమ్మా. రేపు మందు పెట్టించేస్తాను" అన్నారు మా మావయ్యగారు.

నేను డాక్టరు గారికి కబురు పెట్టాను. మోపెడ్ మీద వచ్చేశారు. "సూరిబాబుని ఆసుపత్రికి తీసుకెళ్ళేరా?" అన్నది మొదటి మాట. తీసుకెళ్ళామని చెప్పాక, భీముడికి దూరంగా, వాడివైపు చూడకుండా, నేల మీద కూర్చున్నారు. అలా చాలాసేపు.

"కోపమైతే ముందుకి దూకుతాడండి. వీడు తోక ముడుచుకుని వెనక్కి పోతున్నాడు. పోవడానికి గొలుసు చాలక కరిచేడు. వీడిది నీటి స్వభావమండి. నీటికి భయం ఎక్కువ. భీముడని పేరు పెడితే ధైర్యం వచ్చేస్తుందా?"

ఆ ఐదు పేర్లూ విన్న మావయ్యగారు ఊరుకోలేదు. "మన పంచభూతాల్లోకి చెట్టెక్కణ్ణించి వచ్చిందండీ? గాలీ ఆకాశం ఏమైపోయేయి?"

"అది వాళ్ళ లెక్కండి. లెక్క నమ్మకపోతే పోనీండి, కుక్కని చూడండి. వచ్చే దింపు దాకా గడువివ్వండి."

"ఆయ్. అప్పటిదాకానేనండి" అన్నారాయన.

భీముణ్ణి తోటలోంచి పశువులపాక మూలకి మార్చాం. వెనక గోడ ఉంటే భయం తగ్గుతుందన్నారు. రోజూ ఒకే వేళకి నేనే అన్నం పెట్టాలి. ఎవరూ ఎదురుగా వెళ్ళి కళ్ళల్లోకి చూడకూడదు, తల నిమరకూడదు. గాలి వీచే రోజుల్లో నేను పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీసుకునేదాన్ని.

చాలా రోజులు ఏ మార్పూ లేదు. ఆశ వదిలేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం నా పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

దింపు రోజు సూరిబాబు, వాళ్ళ తమ్ముడు వచ్చారు. డాక్టరు గారూ వచ్చారు. తమ్ముడు చెట్టెక్కాడు. సూరిబాబుని పాక అరుగు మీద, భీముడికి వీపు పెట్టి కూర్చోమన్నారు. పాపం, ఆ మనిషి ఒప్పుకున్నాడు!

కాయలు పడటం మొదలైంది. భీముడు నిలువెల్లా వణికిపోయాడు. లేచాడు. నాలుగడుగులు వేసి, సూరిబాబు వీపుకి ఒళ్ళు ఆనించి కూర్చున్నాడు.

"అమ్మగారూ, ఇది వణుకుతోందండి" అన్నాడు సూరిబాబు మెల్లగా.

"వణకనీ. నువ్వు కదలకు" అన్నారు డాక్టరు గారు.

దింపు అయ్యేదాకా ఆ మనిషి కదల్లేదు.

మావయ్యగారే వచ్చి గొలుసు విప్పేశారు. తరవాత చుట్టాలందరికీ స్వభావాలు చెప్పడం మొదలుపెట్టారనుకోండి! "మా వియ్యంకుడు చెట్టండి, కోపం ఎక్కువ, అడ్డం వెళ్ళకండి" అనేవారు. భీముడు ముసలితనం వచ్చేదాకా హాయిగా బతికాడు.

ఈరోజు పొద్దున్న అమలాపురం వెళ్ళాను. డాక్టరు గారి కుక్క రాణి గేటు దగ్గర పడుకుని ఉంది. ఎవరో బిస్కెట్లు పెడుతున్నారు, ఇంకెవరో ఒళ్ళోకి తీసుకుంటున్నారు. అది ముఖం తిప్పేసుకుంటోంది.

రాణిది లోహమని ఆవిడే చెప్పేవారు. దిగులు లోపల దాచుకునే రకం. బుజ్జగిస్తే నచ్చదు, దాని వేళకి దాని పద్ధతి జరగాలి.

బంధువుల్ని అడిగి, దాని చాప, పళ్ళెంతో సహా ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం దాని షికారు వేళకి తలుపు తీసి ఊరికే నిలబడ్డాను. లేచి వచ్చింది. కాలవగట్టు మీద ఇద్దరం చివరిదాకా నడిచాం. తిరిగొచ్చాక గిన్నెడు నీళ్ళు తాగింది.

అన్నం రేపు తింటుంది. నాకు నమ్మకముంది.

వెళ్ళిరండి డాక్టరు గారూ. ఎన్ని మూగప్రాణాలకి నెమ్మది ఇచ్చారో, అంత నెమ్మదీ మీకు దొరకాలి.