నానిన బియ్యం

వరద తీసిన మర్నాడు రాజాం దగ్గరి మా ఊళ్లో మిగిలిన పశువులను బడి వరండాలో కట్టాం. వాటిలో ఒక చూలు ఆవు మా వీధి చివర ఒంటరిగా బతికే ముసలామెది. దాని పాలే ఆమెకు కూడు. రెండు రోజులు నీళ్లలో నిలబడి, మేత లేక దాని డొక్కలు లోపలికి పోయాయి. ఊళ్లో గడ్డివాములన్నీ కొట్టుకుపోయాయి. బడిలో మధ్యాహ్న భోజనం బియ్యం తడిసి ఉబ్బుతుంటే, ఒక బకెట్ నిండా తెచ్చి ఆవు ముందు పోయబోయాను.

"బాబూ, ఆకలి మీదున్న గొడ్డుకి బియ్యం ఎట్టకూడదు. కీడు" అందామె.

"ఎందుకని?"

"నాకేటి తెలుసు? మా అత్త సెప్పేది."

"గ్రహణం నాడు వండిన అన్నం పారబొయ్యమన్నదీ మీ అత్తేగా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె పక్కకు తప్పుకుంది. మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో వాదించి గెలిచినట్టే అక్కడా గెలిచాను.

ఆవు ఆబగా తింది. మర్నాటికి పొట్ట ఉబ్బి, కాళ్లు చాపేసింది. రోడ్డు తేలాక వచ్చిన పశువుల డాక్టరు, అన్ని బియ్యం ఒక్కసారిగా తింటే కడుపులో పులిసి పశువును చంపేస్తాయని చెప్పాడు. అప్పటికే ఆవు పోయింది. కడుపులో దూడా పోయింది.

ఎందుకు పెట్టకూడదని ఆమెను నిలదీసినవాణ్ణి, ఎందుకు పెట్టొచ్చని నన్ను నేను అడుక్కోలేదు.

"సదువుకున్నోడివి గదా అని ఊరుకున్నాను బాబూ" అంటూ ఆమె ఆవు మెడలోని పలుపు విప్పి, చుట్టచుట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది.