కొత్తమనిషికి జోకరు పనికిరాదు

కండక్టరమ్మ బస్సులో టికెట్టు ఎగ్గొట్టి దిగినవాడు ఆ డిపోలో ఎవరికీ తెలియదు. బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా, వెనక మెట్టు దగ్గర నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించేవాణ్ణి మెడ చూసే పట్టేస్తుంది. "ఏం బాబూ, అంతలా చూస్తున్నావు? బయట ఉన్నది గోడేగా?" అంటుంది. వాడి చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది. ఒకసారి సొంత మేనమామ ఎక్కితే ఆయనకీ టికెట్టు కొట్టింది. ఆయన మొహం మాడ్చుకుని చాలాకాలం వాళ్ల గడప తొక్కలేదు. ఇంతటి మనిషిని ఇంట్లోవాళ్లు తొమ్మిదేళ్లపాటు కళ్లకు గంతలు కట్టి తిప్పారంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. కానీ బస్సులో ఆమె ఎవర్నీ నమ్మదు, ఇంట్లో అందర్నీ నమ్మింది. జరిగింది అంతే.

ఆమె పుట్టింట్లో పేక లేదు. పేకముక్క ముట్టుకున్నవాడికీ జేబుదొంగకీ ఆమె తండ్రి దృష్టిలో పెద్ద తేడా లేదు. పెళ్లయి అత్తగారింట్లో అడుగుపెట్టేనాటికి ఆమెకి ఆసంటే ఏమిటో, జాకీ అంటే ఏమిటో తెలియదు. ఈ ఇల్లు అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆదివారం భోజనాలయ్యాయంటే ముందుగదిలో చాప పడాల్సిందే. గోడకి ఆనుకుని అత్తగారు, ఆవిడ పక్కన కరెంటు పనులు చేసే బావగారు, ఆయన పక్కన వీధి చివర కుట్టుషాపు నడిపే తోటికోడలు, ఆ పక్కన కండక్టరమ్మ, ఆమెని ఆనుకుని ఫ్రిజ్‌లు బాగుచేసే ఆమె భర్త. కండక్టరమ్మ అన్న పేరు పెట్టింది బావగారే. పెళ్లయిన మర్నాడే "కండక్టరమ్మా, మంచినీళ్లు!" అని కేకేశాడు. అది అలాగే అతుక్కుపోయింది.

ఈ ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. ఇద్దరి మధ్య తగువొస్తే అత్తగారు గొంతు పెంచదు. "అరుచుకోవడం దేనికి, ఆడి తేల్చుకోండి" అంటుంది. అంట్లు ఎవరు తోమాలి, ఏ సినిమాకి వెళ్లాలి, ఫ్యాను కింద ఎవరు పడుకోవాలి, అన్నిటికీ పేకే తీర్పు. ఓడినవాళ్లు కిమ్మనకూడదు. కండక్టరమ్మకి ఇది ఎంతగానో నచ్చింది. పుట్టింట్లో తండ్రి మాటే తీర్పు. ఇక్కడ కనీసం ముక్కలకి పక్షపాతం ఉండదు కదా అనుకుంది.

ఆట నేర్పే పని అత్తగారు కొడుక్కే అప్పజెప్పింది. మొదటి ఆదివారం అతను భార్య చేతిలో ముక్కలు విసనకర్రలా పరిచి పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"చూడు, ముక్కలు జత చెయ్యాలి. ఒకే రంగులో వరసగా అయినా సరే, ఒకే బొమ్మవి మూడైనా సరే. ఒకటి తీసుకో, ఒకటి పడెయ్. అన్నీ కుదిరితే షో అని పరిచెయ్యడమే. ఇదిగో, ఇది జోకరు. ఏ ముక్క తక్కువైతే ఆ ముక్కకి బదులు దీన్ని పెట్టేసుకోవచ్చు."

"అబ్బ, ఇదేదో భలే ఉందే!"

"ఆగాగు. నీక్కాదు. మా ఇంట్లో కొత్తమనిషికి జోకరు పనికిరాదు. వస్తే కింద పడెయ్యాలి. పక్కవాళ్లు కావాలంటే ఎత్తుకుంటారు."

"ఎన్నాళ్లు?"

"నీ తర్వాత ఇంట్లోకి ఇంకో మనిషి వచ్చేదాకా."

ఆమె తోటికోడలి వైపు చూసింది. "నన్నెందుకు చూస్తావమ్మా? నేనూ అలాగే ఆడాను. నువ్వొచ్చావు, నేను బతికిపోయాను" అంది తోటికోడలు. బావగారికి అప్పుడే దగ్గొచ్చింది. అత్తగారు ముక్కలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకి చూపు ఆనక అంత దగ్గరగా పెట్టుకుందనుకుని, కండక్టరమ్మ లేచి వెళ్లి లైటు వేసి వచ్చింది కూడా.

రూలంటే రూలు. మేనమామనే వదలని మనిషి తనని తాను వదులుతుందా? చేతిలోకి జోకరు వచ్చినప్పుడల్లా, అన్నంలో రాయి తగిలితే తీసి పక్కన పెట్టినట్టు తీసి పడేసేది. పక్కనే ఉన్న భర్త దాన్ని ఎత్తుకునేవాడు. "నీ చెయ్యి మంచిదే, నీ పక్కన కూర్చుంటే చాలు" అనేవాడు. అందరూ నవ్వేవారు. తను ఓడినా తన జోకరు మొగుడికేగా పోయింది అనుకుని ఆ పిచ్చిది కూడా నవ్వేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆట బాగా పట్టుబడింది. జోకరు లేకుండానే అప్పుడప్పుడు గెలిచేది. అలా గెలిచిన రోజు బస్సులో ప్రయాణికులకి కూడా నవ్వుతూ చిల్లర ఇచ్చేది.

మూడేళ్ల కిందట డిపోలో కంట్రోలరు పోస్టుకి ఆమెని పిలిచారు. బస్సుల్లో నిలబడి ఊగిసలాడే పని కాదు, కూర్చుని ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో చెప్పే పని. అప్పటికే ఆమెకి నడుంనొప్పి మొదలైంది. ఆ కుర్చీ మీద గంపెడాశ పెట్టుకుంది. కాకపోతే ముందు వేరే ఊళ్లో ఆర్నెల్లు ఉండి శిక్షణ తీసుకోవాలి. భర్త ఒప్పుకోలేదు. "ఆర్నెల్లు నువ్వు లేకపోతే ఇల్లెలా?" అన్నాడు. ఆమె వెళ్తానంది. అత్తగారు ఎప్పటిలాగే "ఆడి తేల్చుకోండి" అంది.

ఆ ఆదివారం ఆమెకి పడ్డంత మంచి ముక్కలు అంతకుముందెప్పుడూ పడలేదు. చకచకా అన్నీ కుదిరాయి. ఒక్క కళావరు రాణి కావాలి. చెయ్యి చాపి ముక్క తీసింది. జోకరు. ఇంకెవరికైనా అది షో. ఆమె దాన్ని ఒక క్షణం చూసుకుని, కింద పడేసింది. భర్త ఎత్తుకుని, తన ముక్కల్లో దూర్చి, "షో" అన్నాడు. అందరూ "అయ్యో!" అన్నారు. ఆ కుర్చీలో ఆమె కన్నా చిన్నదెవరో కూర్చుంది. కండక్టరమ్మ మళ్లీ సంచీ భుజాన వేసుకుని బస్సెక్కింది. ఓడిపోయింది కాబట్టి కిమ్మనలేదు.

ఈ ఏడు, హాస్టళ్లలో ఉండి చదువు పూర్తిచేసుకొచ్చిన ఆడపడుచుకి పెళ్లి కుదిరింది. కుదిర్చింది ఎవరనుకున్నారు? కండక్టరమ్మే. తన బస్సులో రోజూ సరైన చిల్లర ఇచ్చి టికెట్టు తీసుకునే డ్రాయింగు మాస్టారిని చూసి, వివరాలు కనుక్కుని, రెండిళ్ల మధ్య చెప్పులరిగేలా తిరిగింది. వదిన ఎంత మంచిదో అని ఆడపడుచు కళ్లనీళ్లు పెట్టుకుంది. వదిన మంచిదే, అనుమానం లేదు. కాకపోతే ఇంట్లోకి ఇంకో మనిషి వస్తున్నాడన్న సంతోషం కూడా అందులో కాస్త కలిసి ఉంది.

ఆ పెళ్లి జరిగిన నెలలోనే డిపో నుంచి మళ్లీ పిలుపొచ్చింది. వయసు రీత్యా ఇదే ఆఖరి అవకాశమని మేనేజరు మొహం మీదే చెప్పాడు. నడుంనొప్పి ఇప్పుడు కాలిదాకా దిగింది. ఇంట్లో చెప్పగానే భర్త పాత పాటే అందుకున్నాడు. అత్తగారు నోరు తెరిచేలోపే కండక్టరమ్మ, "ఆదివారం ఆడి తేల్చుకుందాం" అంది. ఆమె అంత హుషారుగా ఆ మాట అనడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఆదివారం చాప పడింది. ఆడపడుచు పక్కన కొత్త అల్లుడు బుద్ధిగా కూర్చున్నాడు. పేక అతనికీ కొత్తే. నేర్పే పని మళ్లీ కండక్టరమ్మ భర్తదే. అదే గొంతు సవరింపు, అవే మాటలు. వరసలు, జతలు, షో. "ఇది జోకరు. ఏ ముక్క తక్కువైతే ఆ ముక్కకి బదులు పెట్టేసుకోండి, అంతే" అని ముక్కలు కలపడం మొదలుపెట్టాడు.

"అసలు రూలు మర్చిపోయారు" అంది కండక్టరమ్మ. "మాస్టారూ, మీకిప్పుడే జోకరు పనికిరాదు. వస్తే కింద పడెయ్యాలి. ఇవాళ్టి నుంచి నాకు పనికొస్తుంది."

బావగారి నోట్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆయన్ని చూసి తోటికోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కడుపు చెక్కలయ్యేలా నవ్వుతూనే బావగారు, "ఇంకా నమ్ముతూనే ఉన్నావా కండక్టరమ్మా? వాడేదో ఆ రోజు నిన్ను ఆటపట్టించడానికి అన్నాడు. అలాంటి రూలెక్కడుంది?" అన్నాడు.

అల్లుడు నోరెళ్లబెట్టి అందర్నీ చూశాడు. పాపం, ఏదో ఒకటి సర్దాలనుకున్నాడు. "పోనీ అక్కయ్యగారూ, నేను జోకరు లేకుండానే ఆడతానండీ" అన్నాడు.

కండక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. తోటికోడలి వైపు తిరిగింది. "నువ్వూ అలాగే ఆడానన్నావు కదక్కా?"

తోటికోడలు కొంగు దించింది. "సరదాకన్నానమ్మా. రెండు వారాల్లో నీకే తెలిసిపోతుందనుకున్నాం. నీకు తెలియలేదు. ఆ తర్వాత ఎలా చెప్పాలో తోచలేదు."

"ఆర్నెల్ల శిక్షణకి ఆడిన రోజు కూడా తోచలేదా?"

దానికి మాత్రం బావగారి నవ్వు ఆగిపోయింది. గోడకి ఆనుకున్న అత్తగారు కాస్త ముందుకి జరిగింది. "నేను చెప్పానమ్మా" అంది మెల్లగా. "ఆ ముందురోజే వీడితో చెప్పాను. అంట్లకీ సినిమాలకీ అయితే సరేగానీ ఇది పిల్ల ఉద్యోగంరా, ఇక చాలు, చెప్పెయ్యి అన్నాను. చెప్తానన్నాడు. చెప్పేశాడనే అనుకున్నాను. నువ్వు ఆ జోకరు పడేసినప్పుడు తెలిసింది. అప్పటికే వీడు ఎత్తుకున్నాడు."

"ఎత్తుకున్నాక మీరు నోరు తెరవచ్చు కదత్తయ్యా?"

అత్తగారు మళ్లీ వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. కండక్టరమ్మకి అప్పుడు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. "అక్క కుట్టుషాపు పెడతానన్నప్పుడు బావగారు వద్దన్నారు. అప్పుడు పేక ఆడారా?" అని అడిగింది. ఆడలేదు. రెండు రోజులు గొడవపడ్డారు, మూడో రోజు తోటికోడలు మిషను కొనుక్కుంది. ఉద్యోగాన్ని పేకలో పెట్టుకున్నది ఈ ఇంట్లో తనొక్కతే. అత్తగారు ఆడి తేల్చుకోమనగానే, నన్నూ ఇంటిమనిషిలా చూస్తున్నారని మురిసిపోయింది కూడా.

భర్త అప్పటిదాకా ముక్కలు కలుపుతూనే ఉన్నాడు. ఇప్పుడు పెద్దమనసు చేసుకున్నవాడిలా, "సరే, అయిందేదో అయింది. ఇవాళ నీకూ జోకర్లు పనికొస్తాయి. ఆడి తేల్చుకుందాం రా" అన్నాడు.

ఆ మాటకి ఆమె ఒళ్లు మండిపోయింది. "ఆడను" అంది. "నేను వెళ్తున్నాను. రేపే సంతకం పెట్టేస్తాను. గెలిచి వెళ్లాల్సిన అవసరం నాకు లేదు." లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయింది. కాదని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కాసేపటికి భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తప్పే. ఒప్పుకుంటున్నాను. కానీ నువ్వు వెళ్లిపోతే నాకు తోచదని చేశానే తప్ప, నీకు చెడు చెయ్యాలని కాదు" అన్నాడు.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఆ రోజు ఓడిపోయి నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఎవరూ రాలేదు. మీరొక్కరే వెనకాల వచ్చి నా కళ్లు తుడిచారు. అలా తుడుస్తున్నప్పుడు కూడా మీకు తెలుసు కదా?"

"తెలుసు" అన్నాడు అతను. "తెలుసు కాబట్టే నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయాను."

పోయిన కుర్చీకి ఆమె ఎప్పుడో సర్దుకుపోయింది. ఈ మూడేళ్లలో భర్త విసుక్కున్న ప్రతిసారీ, మాట తప్పిన ప్రతిసారీ, ఆ రోజు నా కోసం వంటింట్లోకి వచ్చాడు కదా అని గుర్తు చేసుకుని వదిలేసింది. తమ కాపురంలో తనకంటూ దాచుకున్నది ఆ ఒక్కటే. ఇప్పుడు అతను నిజమే చెప్పాడు, అందులో ప్రేమ కూడా ఉండే ఉంటుంది, కానీ ఇక ఆ రోజుని తలుచుకుని దేన్నీ వదిలెయ్యడం ఆమె వల్ల కాదు. శిక్షణకి వెళ్తున్నందుకు సంతోషం వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"పైన ఉన్న పెట్టె దించండి" అంది.

అతను కుర్చీ తెచ్చుకుని, ఎక్కి, పెట్టె దించాడు. చేత్తోనే దుమ్ము దులిపి ఆమె ముందు పెట్టాడు. "సర్దడానికి సాయం చెయ్యనా?" అని అడిగాడు.

"వద్దు" అంది ఆమె. "ఇక మీదట నేనే సర్దుకుంటాను."