పెట్టె చెక్క పుట్టిన చేను: చోడవరం నుంచి రోలుగుంట దాకా

విశాఖలో చెక్క పెట్టెలు ఎగుమతి చేసే ఒకాయన మాటల మధ్య చెప్పిన సంగతి నన్ను ఈ దారి పట్టించింది. ఐరోపాకు ఖాళీ పెట్టెలను సరుకుగా అమ్మాలంటే ఆ చెక్క ఏ చేలో పెరిగిందో చూపాలి. 2020 తర్వాత అడవి కొట్టిన నేల కాదని రుజువూ ఉండాలి. చోడవరంలో మార్త అనే ఆమె చిన్న షెడ్డులోనే ఈ పని నడుపుతున్నారని విన్నాను. ఇదే పని తలపెట్టినవాళ్లు చూసి రావలసిన చోటు.

ఉదయం ఆరున్నరకు విశాఖలో బస్సెక్కి ఎనిమిదిన్నరకు చోడవరంలో దిగాను. టిక్కెట్టు వంద లోపే. షెడ్డులో మొదట కంటపడేవి దుంగల చివర్లకు పూసిన రంగులు. ఆరుగురు రైతులకు ఆరు రంగులు. కోసిన పలక మీదా, తయారైన పెట్టె అడుగునా అదే రంగు చుక్క. ఒకరి కలప ఇంకొకరిదాంట్లో కలవదు.

ఇంత పద్ధతిగా ఉన్నా ఈసారి లోడు ఇంకా కదలలేదన్నారు. "మరి ఎక్కడ ఆగింది?" అని అడిగాను.

"నా తెలివితక్కువే బాబూ," అన్నారు మార్త. "లొకేషన్ పంపండర్రా అని అందరికీ సెప్పేను. పంపేరు. మేపులో సూస్తే ఆరు సేలూ రోలుగుంట టీ కొట్లోనే ఉన్నాయి!"

సిగ్నల్ అందేది అక్కడే కాబట్టి రైతులు అక్కడ కూర్చుని పంపారు. ఆమె పెట్టెలు కొనే ఎగుమతిదారు వాటిని తిప్పి పంపాడు. దాంతో ఆమె ఐదు చేల గట్ల వెంట తానే నడిచి హద్దులు నమోదు చేశారు. మిగిలింది నీలం రంగు, సింహాచలం అనే రైతు జామాయిల్ తోట. సాయంత్రం ఐదులోగా అది తేలకపోతే నీలం చుక్క పెట్టెలు లారీ ఎక్కవు. సరుకులో సగం అవే.

బయల్దేరుతుండగా ఎగుమతిదారు గుమస్తా ఫోన్ చేశాడు. "అంత దూరం ఎందుకక్కా? పక్క చేను పాయింటే ఇంకోసారి పెట్టేయండి. ఎవరు చూస్తారు?"

"సూసేవోళ్లు లేరనా ఇన్ని రంగులు కొన్నాను?" అని ఆమె ఫోన్ పెట్టేశారు.

ఆటో రోజంతటికీ వెయ్యికి మాట్లాడుకుని వడ్డాది మీదుగా వెళ్లాం. రోలుగుంట రాగానే డ్రైవర్ గోవిందు వెనక్కి, మార్తవైపు తిరిగాడు. "అప్పా, టీ కొట్టు కాడ ఆపీమంటావేటి? నీ సేలన్నీ ఓపాలి సూసుకోవచ్చు."

"నోరు మూసుకుని తోలరా."

పదకొండుకు చేను చేరాం. కొండ అంచున ఉంది. ఉపగ్రహ చిత్రం తెరిచి చూస్తే పాతదాంట్లో దట్టమైన పచ్చదనం, కొత్తదాంట్లో బోడి నేల. అడవి కొట్టినట్టే ఉందని నేనే అన్నాను. సింహాచలానికి కోపం వచ్చింది.

"అడివి తాడట్టుకుని నాటినట్టుంటాదేటి బాబూ? ఆ మొదళ్లు సూడు!"

నరికిన మొదళ్లు తిన్నని వరసల్లో ఉన్నాయి. ప్రతిదానికీ కొత్త చిగుళ్లు. అయితే కళ్లు చూసింది కాగితం కాదు. సింహాచలం ఇంటికి వెళ్లి రేకు పెట్టె తెచ్చాడు. జామాయిల్ వేయకముందు, అంటే 2020కి చాలా ముందే, ఆ చేలో చెరుకు పండేది. ఫ్యాక్టరీకి చెరుకు తోలిన ఏళ్ల నాటి ఒప్పంద కాగితాలు, సర్వే నంబరుతో సహా, అందులో ఉన్నాయి.

వెంట వచ్చిన ఆయన భార్య, "ఇవి పొయ్యిలో పెట్టీమని ఎన్నేళ్లు తిట్టేనో," అంది.

"ఇప్పుడు తిట్టు," అన్నాడాయన.

పాసుపుస్తకంలో సర్వే నంబరు సరిపోయింది. నలభై నిమిషాలు గట్ల మీద నడిచి నాలుగు మూలలూ నమోదు చేశాం. హద్దులు, కాగితాల ఫోటోలు పంపడానికి మాత్రం టీ కొట్టుకే వచ్చాం. నాలుగుంపావుకు ఎగుమతిదారు జవాబు వచ్చింది: "సరే. లోడు చేయండి." మార్త ఫోన్ గోవిందు ముందు పెట్టారు. "సూడరా. సేను సేలోనే ఉంది."

ఇలాంటి నిబంధనలు పెద్ద కంపెనీలకే సాధ్యమని నేను చాలాసార్లు విన్నాను, ఒకసారి రాశాను కూడా. చోడవరంలో ఆరు డబ్బాల రంగు, ఒక రేకు పెట్టె, అడ్డదారి వద్దన్న ఒక మనిషి ఆ పని చేసి చూపించారు. నీలం చుక్క పెట్టెలు లారీ ఎక్కుతుంటే ఒకటి తిప్పి చూశాను. అది ఏ వరసల్లో పెరిగిందో నాకు తెలుసు.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: మ్యాపును ముందే ఫోన్‌లో దించుకుని, హద్దులు చేలోనే నిలబడి నమోదు చేయండి. దానికి సిగ్నల్ అక్కర్లేదు. టీ తర్వాత తాగొచ్చు.