చక్రం తడవకుండా కాలవ దాటిన దారి

నా చిన్నప్పుడు సైకిళ్ళు ఉండేవా అని ఉత్తరంలో అడిగావు కదా చిన్నీ, ఉండేవమ్మా. ఇప్పట్లా ఇంటికొకటి కాదు, మా చుట్టుపక్కలంతటికీ కలిపి మూడే. నువ్వూ నీ స్నేహితులూ ఆదివారం పొద్దున్నే ఊరు దాటి తొక్కుకుంటూ పోయి, తిరిగొచ్చాక ఎవరెంత దూరం వెళ్ళారో కూర్చుని చెప్పుకుంటారని రాశావు చూడు, అది చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత కాస్త భయం కూడా వేసింది. ఎందుకు వేసిందో చెప్తాను, తమ్ముడిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

మా నాన్నగారు కాలవ మీద లాకు సూపరింటెండెంటు. లాకంటే ఎగువ నీళ్ళకీ దిగువ నీళ్ళకీ మధ్య తలుపులు పెట్టి పడవలని ఎక్కించీ దించే చోటు. అక్కడే పెద్ద కాలవలోంచి ఒక పిల్ల కాలవ చీలి రామచంద్రపురం వైపు పోయేది. ఆ చీలిక దగ్గర గట్టు మీద మా ఇల్లు. శనివారం సాయంత్రమయ్యేసరికి ముగ్గురు సైకిళ్ళ వాళ్ళూ మా అరుగు మీదకి చేరేవారు.

ఒకడు మా బాబాయి. రామచంద్రపురం మిషను బడిలో పంతులు. తన దేశానికి వెళ్ళిపోతున్న దొర ఒకాయన దగ్గర పాత సైకిలు కొనుక్కుని, దాన్ని పసిపిల్లని తుడిచినట్టు తుడిచేవాడు. రెండో ఆయన కాలవల ఓవర్సీరు గారు, గట్ల మీద తిరగడానికి సైకిలు పెట్టుకున్నారు. మూడో ఆయన కాంపౌండరు గారు. తుని నుంచి ఆ ఎండాకాలంలోనే కొత్తగా రామచంద్రపురం ఆస్పత్రికి వచ్చారు. ఆయనకి సొంత సైకిలు లేదు. ఆస్పత్రి నడిపే డాక్టరు దొరసాని గారు శనివారం పూట తన సైకిలు వాడుకోనిచ్చేది. ముందు వైపు అడ్డ కడ్డీ లేని, ఆడవాళ్ళ సైకిలది.

ఆ సైకిలుని చూసి మిగతా ఇద్దరూ ఆయన్ని ఎంత ఏడిపించేవారో. "ఏంటండీ, పూలు పెట్టుకోవడం మర్చిపోయారు" అనేవారు ఓవర్సీరు గారు. కాంపౌండరు గారు నెమ్మదైన మనిషి. "పంచె కట్టుకునేవాడికి ఇదే వీలండి" అని నవ్వి ఊరుకునేవారు. కానీ నవ్వుతున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడేవి. ఆ సంగతి నాకు బాగా గుర్తు.

వాళ్ళు చెప్పుకునే కబుర్లు అచ్చం మీవే. పడవని తాడు కట్టి గట్టు మీద నుంచి లాగుతుంటే, ఆ తాడు అడ్డంగా వచ్చినా తలొంచి కిందనించి దూరిపోయానని ఓవర్సీరు గారు చెప్పేవారు. గేదెల మంద మధ్యలోంచి గంట కొట్టుకుంటూ పోయానని బాబాయి. ఆ కబుర్లలో ఎవరూ ఎక్కడా సైకిలు దిగేవారు కాదు. మోచేతులు దోక్కుపోయి ఉండేవి గానీ అవి ఎలా దోక్కుపోయాయో కబుర్లలోకి వచ్చేది కాదు. మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటూ వినేది. ఎప్పుడూ మధ్యలో మాట్లాడేది కాదు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపులు దించేస్తే, కాలవలన్నీ ఎండి అడుగు కనిపిస్తుంది. కూలీలు దిగి పూడిక తీస్తారు. తర్వాత ఒక రోజు పెట్టి నీళ్ళు వదులుతారు. వాన పడక్కర్లేదు, ఒక్క మబ్బు లేకపోయినా ఆ రోజు కాలవ నిండుతుంది. గోదావరి ప్రాంతంలో పుట్టిన పసివాడికి కూడా ఇది తెలుసు. తునిలో అలా కాదు. అక్కడి ఏర్లు వానొస్తేనే పారతాయి. అక్కడివాళ్ళు ఆకాశం చూసి ఏరు దాటతారు.

రామచంద్రపురం నుంచి మా లాకుకి రావాలంటే పిల్ల కాలవ అవతలి గట్టు పట్టుకుని ఎంతో దూరం పోయి, చెక్క వంతెన దాటి, ఇవతలి గట్టు మీద మళ్ళీ వెనక్కి రావాలి. కాలవ కట్టేసిన రోజుల్లో బాబాయి ఒకసారి వంతెన దాకా పోకుండా, వంపు దగ్గర గట్టు దిగి, ఎండిన అడుగు మీదుగా తొక్కుకుంటూ ఇవతలికి ఎక్కేశాడు. ఆ శనివారం అరుగు మీద అదే కబురు. "కాలవ దాటొచ్చానండి, చక్రం తడవలేదు, నేను దిగనూ లేదు" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే దాటాడు.

ఓవర్సీరు గారు ఆ రోజు పెందరాళే వెళ్ళిపోయారు. కాంపౌండరు గారు మాత్రం ఆ వంపు ఎక్కడుందో, పక్కన ఏ చెట్టుందో అన్నీ అడిగి తెలుసుకున్నారు. వెళ్ళేటప్పుడు సైకిలు పట్టుకుని, "వచ్చే శనివారం నేనూ ఆ దారినే వస్తానండి, వాన పడకపోతే" అన్నారు. బాబాయి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత "రండి, చూద్దాం" అన్నాడు. నేను అరుగు చివర కూర్చుని గచ్చకాయలు ఆడుకుంటున్నాను. వచ్చే శనివారమే నీళ్ళు వదులుతున్నారని ఆ పొద్దున నాన్నగారికొచ్చిన కాయితం చదివి, పడవల వాళ్ళని పోగేసి చెప్పింది బాబాయే.

శనివారం వచ్చింది. మధ్యాహ్నానికి పెద్ద కాలవలో నీళ్ళు మా లాకుకి చేరాయి. రైతులు పసుపూ కుంకుమా చల్లారు. నీళ్ళ కోసం వారం నుంచి కాచుకున్న పడవల వాళ్ళు కేకలు వేశారు. నాన్నగారు పిల్ల కాలవ తలుపులు ఎత్తించారు. మొదటి నీళ్ళు ఎలా వస్తాయో మీరు చూడలేదు. ఎండుటాకులనీ గడ్డినీ నురగనీ ముందుకి తోసుకుంటూ, బుస కొట్టినట్టు చప్పుడు చేస్తూ, బీటలు పడిన మట్టిలోకి ఇంకుతూ నెమ్మదిగా పాకుతాయి. పిల్లలం ఆ నీటి తలతో పాటు గట్టు మీద పరిగెత్తేవాళ్ళం. కాస్త దూరం పరిగెత్తి నేను ఇంటికొచ్చేశాను.

ఎండ దిగింది. ఆకాశంలో మబ్బు ముక్క కూడా లేదు. ఓవర్సీరు గారు వచ్చి, అలిసిపోయి స్తంభానికి చేరగిలబడ్డారు. కాంపౌండరు గారు ఎప్పుడూ వచ్చే వేళ దాటిపోయింది. "దొరసాని గారు ఇవాళ బండి తనే వేసుకెళ్ళిందేమో" అని ఓవర్సీరు గారు నవ్వారు. బాబాయి నవ్వలేదు. సైకిలు తిరగేసి చక్రానికి గాలి కొడుతున్నాడు. గాలి నిండుగానే ఉంది, అయినా కొడుతున్నాడు.

మామ్మ చేతులు బియ్యంలో ఆగిపోయాయి.

"ఆయన ఏ దారిన వస్తానన్నాడురా?" అంది.

"నాతో ఏం... వంతెన మీంచే వస్తాడులే అమ్మా."

"నువ్వు దిగకుండా వచ్చానన్నావే, ఆ దారినా?"

బాబాయి గాలి కొట్టడం ఆపాడు.

"వాళ్ళ ఊళ్ళో కాలవలుండవు కదరా నాయనా" అంది మామ్మ. గొంతు పెంచలేదు. చేట మాత్రం పక్కన పెట్టేసింది.

ఓవర్సీరు గారు లేచి నిలబడ్డారు. "ఆ వంపులో నిన్న కూడా పూడిక తీశారు. నడుం లోతు గుంటలున్నాయి, పైన మట్టి ఆరినట్టుంటుంది గానీ లోపలంతా బురద" అన్నారు. నాన్నగారు పై అధికారి ఉత్తర్వు లేకుండా తలుపులు దించడం ఎలా అని గొణిగారు. "ఉత్తర్వు నేనిస్తున్నానండి, దించేయించండి" అన్నారు ఓవర్సీరు గారు. తలుపులు దించారు. కానీ అప్పటికే వెళ్ళిపోయిన నీళ్ళని ఎవరు వెనక్కి పిలవగలరు? అవి పోతూనే ఉన్నాయి.

బాబాయి సైకిలెక్కి పోయాడు. వెనకే ఓవర్సీరు గారు. పడవ వాళ్ళు లాగుడు తాడు భుజాన వేసుకుని పరిగెత్తారు. మామ్మ నా చెయ్యి పట్టుకుని గట్టు మీద నడిచింది. నడిచింది అన్నాను గానీ నేను పరిగెత్తితేనే ఆవిడతో పాటు ఉండగలిగాను. పక్కన నీళ్ళు కూడా మాతో పాటే వస్తున్నాయి. మామ్మ మొహం తిప్పి వాటినే చూస్తోంది. ఆ చెయ్యి బిగింపు ఇప్పటికీ నా మణికట్టుకి తెలుసు.

వంపు దగ్గరికి వచ్చేసరికి అవతలి గట్టు వాలు మీద సన్నని గీత కనిపించింది. సైకిలు చక్రం గీత. పై నుంచి కిందకి దిగి నీళ్ళలోకి వెళ్ళింది. ఇవతలి గట్టు మీద ఎక్కిన గీత లేదు. నేను అది చూపించబోతే మామ్మ నా తలని తన చీరలోకి లాక్కుంది.

అప్పుడు ఓవర్సీరు గారి కేక వినిపించింది. "వదిలేయండి ఆ బండిని." మామ్మ చీర తప్పించుకుని చూశాను. కాంపౌండరు గారు గుండె లోతు నీళ్ళలో ఉన్నారు. నీళ్ళు చేరకముందే కాళ్ళు పూడిక తీసిన గుంటలో దిగబడిపోయాయి. రెండు చేతులతో సైకిలు హాండిలు నీళ్ళ పైకి ఎత్తి పట్టుకున్నారు. బాబాయి పక్కనే దిగి, చంకల కింద చేతులు వేసి లాగుతున్నాడు, లాగిన కొద్దీ తనూ దిగుతున్నాడు.

"దొరసాని గారిదండి" అన్నారు కాంపౌండరు గారు. ఏడుస్తున్నారో ఏమో, మొహమంతా బురద, తెలియలేదు.

"మీరు బతికితే దొరసాని గారితో నేను మాట్లాడతాను, వదలండి" అన్నారు ఓవర్సీరు గారు.

వదిలారు. సైకిలు మునిగిపోయింది. చేతులు ఖాళీ అయ్యాక తాడు పట్టుకోగలిగారు. పడవ వాళ్ళు తాడు ఛాతీలకి అడ్డం వేసుకుని, పడవని లాగినట్టే వంగి, ఒక్కో అడుగూ వేశారు. చాలాసేపు ఏమీ కదల్లేదు. నీళ్ళు ఆయన గడ్డం దగ్గరికి వచ్చి, లాకు తలుపులు దించేశారు కనక అక్కడే ఆగాయి. మామ్మ పెదవులు మాత్రం ప్రార్థనలో కదులుతున్నాయి. తర్వాత బురద ఒక్కసారిగా వదిలేసింది, ఇద్దరూ కలిసి గట్టు మీదకి వచ్చి పడ్డారు. ఆ తర్వాత పడవ వాళ్ళు మునిగి సైకిలూ తెచ్చారు.

మా అరుగు మీద కాంపౌండరు గారు నాన్నగారి పంచె కట్టుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. మామ్మ మిరియాల చారు కాచి ఇచ్చింది. బాబాయి తడి బట్టలతోనే మెట్ల దగ్గర నిలబడిపోయాడు, పైకి ఎక్కలేదు. ఎవరూ ఎవరి మొహం చూడడం లేదు. ఇప్పుడు కాంపౌండరు గారు నోరు తెరిస్తే బాబాయి పరువు పోతుందని నాకు కూడా తెలుస్తోంది. ఓవర్సీరు గారు ఏదో ఒకటి అనాలని, "సరే, మీ ప్రయాణం చెప్పండి మరి" అన్నారు.

కాంపౌండరు గారు చారు గ్లాసు కింద పెట్టారు. "మొదట ఆస్పత్రి గేటు దగ్గరే పడ్డానండి" అని మొదలుపెట్టారు. తర్వాత చాకలి వాళ్ళ కుక్క వెంటపడితే దిగి, సైకిలుని మధ్యలో అడ్డం పెట్టుకుని నిలబడ్డారట. ఇసక వచ్చిన చోట దిగి తోసుకున్నారట. ఎదురుగా ఎద్దుబండి వస్తే ఇంకా ఆమడ దూరం ఉండగానే దిగిపోయారట. అలా దిగిన ప్రతి చోటూ చెప్పుకుంటూ వచ్చారు. ఓవర్సీరు గారు నవ్వారు, నాన్నగారు నవ్వారు. కాలవ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగారు. "అక్కడ కూడా దిగాల్సిందండి. దిగలేదు" అన్నారు. అంతే. ఆ దారి ఎవరు చెప్పారన్న మాటే రాలేదు.

తర్వాత మెట్ల వైపు తిరిగి, దారి తెలియని మనిషి తెలిసిన మనిషిని అడిగినట్టు, "పంతులుగారూ, మీరు ఎక్కడెక్కడ దిగుతారండీ?" అన్నారు.

బాబాయి పైకి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. తల వంచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. గేదెల మందలో పడ్డ సంగతి, ముల్లు గుచ్చుకుని నడిచొచ్చిన సంగతి, అన్నీ. దీపాల వేళ దాకా చెప్పాడు. మామ్మ మళ్ళీ చేట అందుకుంది. "ఇక మీదట ఈ అరుగు మీద దిగిన చోట్లు ముందు చెప్పండర్రా. తొక్కింది తర్వాత విందాం" అంది. ఆ మాట చట్టమైపోయింది. ఆ తర్వాతి కబుర్లు ముందటి వాటికంటే బాగుండేవి కూడా.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు పడింది. ఎవరైనా దారి అడిగితే, నేను ఏ నెలలో వెళ్ళానో ముందు చెప్తాను. మీ అమ్మకి వంట నేర్పినప్పుడు కూడా ఎక్కడ మాడుతుందో ముందు చెప్పి, తర్వాతే ఎలా వండాలో చెప్పాను. నువ్వు కూడా అంతే చెయ్యి చిన్నీ. నీ వెనక వచ్చేవాడిది ఏ ఊరో నీకు తెలియదు కదా.

బాబాయీ కాంపౌండరు గారూ చివరిదాకా స్నేహంగానే ఉన్నారు. కాంపౌండరు గారు పోయాక ఒకనాడు, బాబాయి కూడా బాగా పెద్దవాడయ్యాక, ఇన్నేళ్ళూ మింగుకున్న మాట అడిగేశాను. ఆయన అదే దారిన వస్తానన్నప్పుడు నువ్వు ఒక్క క్షణం ఆగావు కదా బాబాయ్, అప్పుడు నీళ్ళ సంగతి నీకు గుర్తు రాలేదా, గుర్తొచ్చీ చెప్పలేదా అని. ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వక్కడే కూర్చుని ఉన్నావు కదమ్మా. నీకేమనిపించింది?" అన్నాడు.