నర్సమ్మ రాసిన కారణం

నా చిన్నప్పుడు మా బస్తీకి సర్కారు అంటే ఒక బోరింగు. రాయదుర్గం గుట్టల పక్కన రాళ్లు కొట్టి బతికేవాళ్ల గుడిసెల మధ్య, ప్రభుత్వం వేసినది ఆ చేతిపంపు ఒక్కటే. అది చెడిపోతే మా నానమ్మ పంచాయతీ ఆఫీసుకు నడిచి వెళ్లి, గుమ్మంలో నిలబడి తిట్టేది. "జీతం తీసుకుంటలేవా? మా నోళ్లెండుతుంటే నీకు చాయ్ ఎట్ల దిగుతున్నదిరా?" అనేది. లోపలున్న గుమాస్తా ఒకసారి నవ్వుతూ, ఒకసారి విసుక్కుంటూ, బాగుచేసే మనిషిని పంపేవాడు. తిట్టించుకోవడం తన ఉద్యోగంలో భాగమని ఆయనకు తెలుసు. తిట్టే హక్కు తనకుందని నానమ్మకు తెలుసు. వాళ్లిద్దరి మధ్య ఉన్న ఆ సంబంధానికి చాలా పెద్ద పేర్లున్నాయని తర్వాతెప్పుడో పుస్తకాల్లో చదివాను.

కొన్నాళ్లకు మాదాపూర్ వైపు నుంచి గాజు మేడలు మా గుట్టల దాకా వచ్చాయి. ఎక్కడెక్కడి దేశాల కంపెనీలు వస్తున్నాయని చెప్పి సర్కారు వాటికోసం రోడ్లు వేసింది, కరెంటు లాగింది, లావు గొట్టాలతో నీళ్లు తెచ్చింది. ఆ గొట్టాలకు కందకాలు తవ్వింది మా అమ్మానాన్నలే. గొట్టం మాత్రం మా బస్తీ ముందు ఆగకుండా వెళ్లిపోయింది. ఒక మేడ ప్రహరీకి మా బోరింగు అడ్డొచ్చింది. ఆ మేడ కట్టిస్తున్న కంపెనీ మేనేజరు వచ్చి, బోరింగు తీసేయడానికి ఒప్పుకుంటే రోజూ ట్యాంకరు నీళ్లు గుడిసెల ముందుకే పంపుతామన్నాడు. పంచాయతీ ఆఫీసరు పక్కనే నిలబడి తలూపాడు.

వద్దన్నది ఒక్క నర్సమ్మే. మా పక్కింట్లో కిరాయికి ఉండేది. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చిన క్రైస్తవురాలు, సర్కారు దవాఖానలో నర్సు. బస్తీలో పుట్టుకలూ చావులూ రిజిస్టరులో రాసేది కూడా ఆమే.

"ట్యాంకరు తీసుకోండి, కాదనను. బోరింగు మాత్రం వదలొద్దండీ. రేపది రాకపోతే ఎవరిని అడుగుతారు?" అంది.

"ఏంది నర్సమ్మా, నీళ్లు ఇంటి ముందటికొస్తుంటే నీకేం పరేషాన్? పోయి సూదులేసుకో, పో," అన్నాడు మా కులపెద్ద. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కాగితం మీద వేలిముద్రలు పడ్డాయి, సర్కారు మనుషులు వచ్చి బోరింగు పీకేశారు. మొదటి ట్యాంకరు వచ్చిన రోజు మావాళ్లు దానికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చారు. బోరింగుకు ఏనాడూ ఎవరూ హారతి ఇచ్చింది లేదు. హక్కుగా వచ్చినదాన్ని తిట్టుకుంటూ వాడుకున్నాం, దయగా వచ్చినదానికి మొక్కాం. మేం చేసిన తప్పు అదే.

ఏడాది దాటింది. మేడకు అద్దాలు బిగించడం అయిపోయింది. నడి ఎండాకాలంలో ట్యాంకరు ఆగిపోయింది. మేడ గేటు దగ్గరికి వెళ్తే కాపలా మనిషి, "ఇది సర్కారు ఆఫీసు కాదమ్మా, కంపెనీ" అన్నాడు. పంచాయతీ ఆఫీసుకు వెళ్తే మావాళ్ల వేలిముద్రల కాగితం తీసి చూపించారు. "మీ నీళ్ల సంగతి వాళ్లకు అప్పజెప్పినం గదా. గాళ్లనే అడుగుండ్రి," అన్నాడు గుమాస్తా. ఎవరిని తిట్టాలో నానమ్మకు మొదటిసారి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే నర్సమ్మ బస్తీ ఆడవాళ్లనూ పిల్లలనూ ఖాళీ బిందెలతో ఆఫీసు దారిలో వరసగా నిలబెట్టింది. ఖాళీ బిందె ఎదురొస్తే అపశకునమని మా దగ్గర గట్టి నమ్మకం. ఆమె ఎత్తు కూడా అదే. ఆఫీసరు జీపు మలుపు తిరిగి, బిందెలను చూసి, టక్కున ఆగింది. డ్రైవరు వెనక్కు తిప్పబోయేలోగా నర్సమ్మ వెళ్లి పక్కన నిలబడింది.

"పొద్దుగాల పొద్దుగాల ఇదేం శకునమమ్మా!" అన్నాడు ఆఫీసరు.

"ఖాళీ బిందెకు ఒకటే అర్థమండీ. నీళ్లు లేవని," అంది.

పది రోజుల్లో చూస్తామని చెప్పి వెళ్లిపోయాడు. అంత చదువుకున్న మనిషి ఖాళీ బిందెకు భయపడ్డాడు. ఎండిన గొంతులకు భయపడలేదు.

ఆ రోజులన్నీ రాళ్లు తవ్విన క్వారీ గుంతలో నిలిచిన నీళ్లే తాగాం. అమ్మ పాతచీర నాలుగు మడతలు వేసి వడగట్టేది. ఎనిమిదో రోజున నాలుగేళ్ల మా తమ్ముడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. నర్సమ్మ తన దగ్గరున్న నీళ్లు కాచి, ఉప్పూ పంచదారా కలిపి చెంచాతో పట్టింది. ఆగకపోతే భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తింది. మర్నాటి మధ్యాహ్నానికి వాడు పోయాడు.

బస్తీలో అప్పుడే కారణాలు పుట్టుకొచ్చాయి. పోయినేడు బోనం సరిగ్గా ఎత్తలేదని అమ్మవారికి కోపమొచ్చిందన్నారు కొందరు. తలరాత అన్నారు ఇంకొందరు. అమ్మ అవేవీ వినలేదు. "గా నీళ్లు నా చేతులతోనే తాపిన," అంటూ ఆ చేతులను నేలకేసి కొట్టుకుంది.

మూడో రోజు ఆఫీసరు నర్సమ్మ ఇంటికి వచ్చాడు. మధ్యలో ఉన్నది తడిక గోడ, మాకన్నీ వినిపించాయి. రిజిస్టరులో జ్వరమని రాయమన్నాడు. "పెద్ద పెద్ద కంపెనీలొస్తున్నయ్ ఈడికి. గిసుంటి రాతలు ఉంటే అంతా బద్నాం గాదా?" అన్నాడు. అతను వెళ్లాక ఆమె రిజిస్టరు తీసుకుని మా ఇంటికి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చుంది. ఇంట్లో అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను పైకి చదవమంది.

"ప్రభుత్వ బోరింగు తొలగించి, బదులు నీరు ఇవ్వనందున, క్వారీ గుంత నీరు తాగి."

కింద ఆమె సంతకం, తేదీ. అది తమ్ముడు పోయిన రోజు తేదీ. ఆఫీసరు రాకముందే ఆమె రాసేసింది.

"ఇంకోపారి చదువు బిడ్డా," అంది అమ్మ. చదివాను. ఆ వాక్యంలో అమ్మవారు లేదు, తలరాత లేదు, మా అమ్మ చేతులు లేవు. అమ్మ ఆ రోజే మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

ఆ రిజిస్టరు రాత పైఆఫీసుకు చేరింది, వారంలో బోరింగు తిరిగి వచ్చింది. నెల తిరక్కముందే నర్సమ్మకు దూరపు జిల్లాకు బదిలీ కాగితం వచ్చింది. బోరింగు పీకిందీ సర్కారే, మళ్లీ వేసిందీ సర్కారే, ఆమెను పంపేసిందీ సర్కారే. కానీ ఆమె కూడా సర్కారే. ఈ సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ బస్తీ తర్వాత రోడ్డు కింద పోయింది. ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్నాను. ఇది కొత్త కాలం, ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలి, అన్నీ మార్కెట్టే చూసుకుంటుందని నాకు పాఠాలు చెప్పేవాళ్లు తరచుగా తగులుతుంటారు. ప్రభుత్వం ఎక్కడ తప్పుకుంది? మేడకు గొట్టం వేసేటప్పుడు ఉంది. మా వేలిముద్రలు తీసుకునేటప్పుడు ఉంది. మాకు జవాబు చెప్పాల్సిన చోట మాత్రమే లేకుండా పోయింది.

ఎక్కడైనా చావు జరిగి పరామర్శకు వెళ్తే, అంతా దైవేచ్ఛ అనే మాట నా నోటికి రాదు. ఇక్కడ ఏది తీసేశారు, బదులు ఏది ఇవ్వలేదు అని అడుగుతాను. ఇదేం మనిషని ముఖం చిట్లించుకుంటారు. అయినా అడుగుతాను. ఆ ప్రశ్న ఎవరూ అడగని ఇంట్లో నేరమంతా ఆ ఇంటి తల్లి మీదికే వస్తుందని నాకు పదకొండేళ్లకే తెలిసింది.