రెండో బ్రేకు లేని కారు

స్వర్ణలత గారి ఇంటి గుమ్మం పక్కన చెప్పుల స్టాండులో ఎడమకాలి చెప్పులు డజనుకు పైగా ఉంటాయి. అన్నీ ఇంచుమించు కొత్తవే. వాటితో పాటు కొన్న కుడి చెప్పులు మాత్రం అడుగు అరిగి, చిల్లులు పడి, ఎప్పుడో చెత్తబండి ఎక్కేశాయి.

నేను చెప్పే మాటల్లో ముప్పావు వంతు తీసేసి మిగిలింది నమ్మమని మా ఆవిడ ఇంటికొచ్చినవాళ్ళకు ముందే చెప్పేస్తుంది. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ ‘ఇక అబద్ధాలు చెప్పను’ అని రెండు వందల సార్లు రాయమంటే, నూట నలభై రాసి మొత్తం అయిపోయిందని చెప్పినవాణ్ణి. చెప్పుల సంగతి మాత్రం నిజం. అనుమానం ఉన్నవాళ్ళు తెనాలి గంగానమ్మపేట వెళ్ళి చూసుకోవచ్చు.

స్వర్ణలత గారిది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాళ్ళు కుడివైపు సీట్లో కూర్చుంటే, ఆవిడ ఎడమవైపు కూర్చుంటుంది. ఆవిడ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే ఆవిడ కాలు పనిచేస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ కుడికాలు నొక్కుతూనే ఉంది. బస్సులో కూర్చున్నా నొక్కుతుంది. టీవీ సీరియల్లో ఎవరైనా కారు వేగంగా నడిపితే సోఫాలో కూర్చుని నేలను తన్నుతుందని ఆవిడ భర్త రామకృష్ణ చెబుతాడు.

ఆవిడ పుట్టింది రేపల్లెలో. రామకృష్ణ నిజాంపట్నం నుంచి చేపల వ్యాను నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలో పక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికి వెళ్ళి, కబుర్లు అయిపోయాక స్టీరింగు పట్టుకుంది. ఆయన మోకాళ్ళు మొరాయించాక వ్యాను అమ్మేసి ఒక చిన్న తెల్లకారు కొన్నారు. ఊరంతా దాన్ని ‘డబ్బా’ అంటుంది. తెనాలిలో బ్యాంకు ఆఫీసర్లు, పంతుళ్ళు, ఎస్సై గారి భార్య, అందరూ ఆ డబ్బాలో కూర్చుని ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే.

ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. నేర్చుకునేవాళ్ళ పేరు, ఆ పేరు పక్కన వాళ్ళకు దేనికి భయమో ఒక ముక్క. ‘బిందు – లారీ హారన్ కొడితే స్టీరింగు వదిలేస్తుంది.’ ‘హెడ్మాస్టరు పాండురంగ గారు – ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఊపిరి పీల్చరు.’ ఎవరు ఎక్కడ భయపడతారో తెలిస్తే అక్కడ తన కాలు ముందే సిద్ధంగా ఉంటుందని ఆవిడ లెక్క.

మా మనవడు అభినవ్‌కు నవంబరులో పద్దెనిమిది నిండాయి. బాపట్లలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. రోజూ రైల్లో వెళ్ళొస్తాడు. పుట్టినరోజు నాడు మా అబ్బాయి కృష్ణకాంత్ ఒక నల్లకారు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. దాని వెనక డిక్కీలో నారు పోసుకోవచ్చు. అంత పెద్దది. వాడి క్లాసులో ఎవరో కారులో వస్తున్నాడట, మనవాడు రైల్లో నిలబడి వెళ్ళడమేంటని మావాడి బాధ.

మా కోడలు నాగజ్యోతి ఒక్కటే మాట అంది. “స్వర్ణలత గారు వీడికి వచ్చిందని సంతకం పెట్టాలి. అప్పుడే తాళం ఇస్తా.” తాళం బీరువాలో పెట్టేసింది.

అభినవ్ ఎల్ బోర్డు తగిలించుకుని మూడు వారాలు డబ్బాలో తిరిగాడు. ఇరవై రెండో రోజు మావాడు నన్ను కూడా వెంటబెట్టుకుని ఆవిడ ఆఫీసుకు వెళ్ళాడు.

“మేడమ్, ఎక్కడా ఒక్క గీత పడలేదు కదా. ఇంకేం కావాలి మీకు?”

“బాగానే తిప్పుతున్నాడండి. రివర్సు నాకన్నా బాగా చేస్తాడు.”

“మరి సంతకం పెట్టండి.”

ఆవిడ నోటుపుస్తకం తెరిచి మావైపు తిప్పింది. అభినవ్ పేరు ఉంది. పక్కన ఏమీ లేదు.

“ఇది ఖాళీగా ఉందండి. నిండాక పెడతాను.”

మావాడు నవ్వాడు. “భయం లేకపోవడం కూడా తప్పేనా? మా ఇంట్లోనే లేదండీ అది. మా నాన్న పదిహేనేళ్ళకే వడ్ల మీద జీపు పరిగెత్తించాడు. చెప్పు నాన్నా.”

ఆ కథ నాదే. మా ఇంట్లో అన్నం ముద్దతో పాటు పిల్లలకు తినిపించిన కథ. పదిహేనేళ్ళప్పుడు నేను రేపల్లె నుంచి జీపులో వస్తుంటే బ్రేకులు పోయాయి. ఎదురుగా రెండు మైళ్ళ పొడవునా రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. నేను ఆగలేదు. చక్రాల ఒరిపిడికి ఊక ఎగిరిపోయి, వెనక అంతా తెల్లటి బియ్యం మిగిలింది. మిల్లుకు పోయే పని తప్పించానని రైతులు నా వెంట పరిగెత్తి దండ వేశారు.

స్వర్ణలత గారు నా వంక చూసింది. “నిజమేనా బాబాయి గారూ?”

“ఆ రోజుల్లో అంతేనమ్మా,” అన్నాను, మీసం మీద చెయ్యి వేసుకుని.

ఆవిడ నోటుపుస్తకం తనవైపు తిప్పుకుంది. మావాడితో అంది. “కారు కొనిపెట్టడం తప్పని నేననను. కొనగలిగినవాళ్ళు కొంటారు. డబ్బాలో వాడు పొరపాటు చేస్తే నా కాలుంది. మీ కారులో ఎవరి కాలుందండి?”

“అందులో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి మేడమ్.”

“అవి లోపలివాళ్ళకి కదండి.”

మావాడి మొహం ఎర్రబడింది. “ఇలా కాదు. ఆదివారం ఆ కారులోనే వాణ్ణి రేపల్లె దాకా తీసుకెళ్ళి రండి. చూశాక సంతకం పెడతారా, మంచిది. లేకపోతే మా ఆవిడకి నేను చెప్పుకుంటా. సోమవారం పొద్దున వాడు నలుగురు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని బాపట్ల వెళ్తాడు. మాటిచ్చాను వాడికి.”

ఆవిడ నోటుపుస్తకం మూసింది. “సరేనండి. ఆదివారం వస్తాను,” అంది.

ఆదివారం తొమ్మిదింటికి బయలుదేరాం. రేపల్లెలో నా స్నేహితుడు బసవేశ్వరరావుని చూడాలన్న వంకతో నేనూ వెనక సీట్లో ఎక్కాను. నేను కూర్చున్న చోటి నుంచి రెండు ముందు సీట్ల మధ్యగా స్వర్ణలత గారి కుడికాలు కనబడుతోంది. మెత్తటి కార్పెట్ మీద, ఏమీ లేని చోట, ఆ కాలు ఆని ఉంది.

వేమూరు దాటేదాకా అంతా బాగానే ఉంది. అభినవ్ పాటలు పెట్టాడు. ఆవిడ ఆపేసింది. దారి ఖాళీ అయ్యేకొద్దీ కారు చప్పుడు లేకుండా వేగం పెంచుకుంది.

“ఎంతలో పోతున్నావు?”

“ఎనభయ్యే ఆంటీ. ఈ కారులో ఎనభై అంటే నిలబడ్డట్టే.”

“తగ్గించు.”

తగ్గించాడు. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ అంతే. కార్పెట్ మీద కాలు ఒత్తుకోవడం చూశాను.

డిసెంబరు నెల. కోతలైపోయి రోడ్డు పొడవునా వడ్లు. ఎడమవైపు కాలువ, గట్టు మీద వరిగడ్డి కుప్పలు. మా వైపు సగం రోడ్డు మీద బంగారు రంగులో వడ్లు పరిచి, అంచున రాళ్ళు పేర్చారు. మిగిలిన సగంలోనే రెండువైపుల బండ్లూ పోవాలి. ఆ సగంలో ఎదురుగా ఒక ఆర్టీసీ బస్సు వస్తోంది. వడ్లకు ఇవతల ఆగి, బస్సును పోనిచ్చి, తర్వాత మేం పోవాలి. ఈ దారిన తిరిగే సైకిలువాళ్ళకు కూడా తెలిసిన సంగతే.

“ఆగు. బస్సుని పోనీ,” అంది ఆవిడ.

అభినవ్ అద్దంలో నా వంక చూశాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

“తాతా, బియ్యం చేద్దామా?”

నేను నోరు తెరిచాను. ‘వద్దు’ అనే మాట గొంతు దాటేలోపు కారు రాళ్ళ సందులోంచి వడ్ల మీదికి ఎక్కేసింది.

సర్రుమని చప్పుడు. కారు కింద వాన పడుతున్నట్టు. కుడిపక్కన బస్సు. అప్పుడు కనిపించింది ఒక మనిషి. వడ్ల చివర, తలమీద తువ్వాలు వేసుకుని, కాళ్ళతో వడ్లు తిరగేసుకుంటూ, మాకు వీపు పెట్టి నడుస్తున్న ముసలావిడ. బస్సు రొదలో ఆవిడకు మా కారు వినపడలేదు.

అభినవ్ బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. వడ్లు టైర్ల కింద గోళీల్లా దొర్లుతున్నాయి. పెడలు దడదడలాడుతోంది, కారు జారుతూ పోతూనే ఉంది. స్టీరింగు తిప్పాడు. అయినా నేరుగానే పోతోంది. స్వర్ణలత గారి కుడికాలు నేలను ధన్‌ధన్‌మని కొట్టింది. ఒకటి, రెండు, మూడు. అక్కడ ఏమీ లేదు.

“బ్రేకు వదులు!”

వాడు ఇంకా గట్టిగా తొక్కాడు.

“అభినవ్! కాలు తియ్యి!” వాడి మోకాలి మీద పిడికిలితో కొట్టింది. కాలు లేచింది. ఆవిడ రెండు చేతులతో స్టీరింగును తనవైపు లాగేసింది. టైర్లు ఒక్క క్షణం నేలను పట్టుకున్నాయి. ముసలావిడ చీర చెంగు నా పక్క కిటికీ మీదుగా వెళ్ళింది. అంచునున్న రాయి మీద చక్రం ఎగిరింది. ఆ తర్వాత అంతా గడ్డి. కారు మెత్తగా గడ్డికుప్పలో దూరి ఆగిపోయింది.

బెల్టు ఎవరో పెట్టుకోలేదని కారు గోల పెడుతోంది. అది నేనే. ముందు అద్దం నిండా గడ్డి. ఎడమ కిటికీలోంచి కాలువ నీళ్ళు కనిపిస్తున్నాయి, రెండు బారల దూరంలో.

డాష్‌బోర్డులో ఫోను మోగి, ఎవరూ ముట్టుకోకుండానే మా అబ్బాయి గొంతు కారంతా నిండిపోయింది.

“ఏంట్రా, అయిందా సంతకం? మేడమ్ గారున్నారా? బండి ఎలా పోతోంది, వెన్నలాగా పోతోందా?”

అభినవ్ ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. స్వర్ణలత గారు చెయ్యి చాచి ఆ ఫోను కట్ చేసింది.

ఈలోపు ముసలావిడ వచ్చి అద్దం మీద అరచేత్తో కొట్టింది. పేరు వెంకటరత్నమ్మ అని తర్వాత తెలిసింది. ఆ వడ్లు ఆవిడవే. మొహం పాలిపోయి ఉంది గానీ నోరు బాగానే పనిచేస్తోంది.

“దిగు! దిగరా ముందు! బస్సు పోయేదాకా ఆగలేక నా వడ్లు కావాల్సొచ్చినయ్యా నీకు? ఏం, కళ్ళు నెత్తికెక్కినయ్యా?”

“సారీ అమ్మమ్మా...”

“సారీ వండుకు తింటానా? మట్టీ రాళ్ళూ కలిసిపోయినయ్ చూడు. ఏరు. అన్నీ ఏరి మళ్ళీ పరిచి వెళ్ళు.” తర్వాత నా వంక తిరిగింది. “పెద్దాయన, మీరైనా వెనక కూర్చుని చెప్పొద్దూ?”

దానికి నా దగ్గర జవాబు లేదు. జేబుల్లో వెతికినా దొరకలేదు.

అభినవ్ మోకాళ్ళ మీద కూర్చుని వడ్లలోంచి రాళ్ళు ఏరుతున్నాడు. నేనూ పక్కన కూలబడ్డాను. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగాడు.

“తాతా, మరి నువ్వు నడిపినప్పుడు జారలేదా?”

ఈ ప్రశ్నకు నా దగ్గర కనీసం నాలుగు జవాబులున్నాయి. జీపు బరువని చెప్పొచ్చు. అప్పటి టైర్లు వేరని చెప్పొచ్చు. నాలుగూ నమ్మేలాగే ఉంటాయి. దారికి అటు పక్క స్వర్ణలత గారు తెగిన కుడి చెప్పు చేతిలో పట్టుకుని నిలబడి, మావైపే చూస్తోంది.

“నేను నడపలేదు నాన్నా.”

“అంటే?”

“జీపు లేదు. వడ్లు లేవు. దండ లేదు. మా నాన్న నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. నాకు ఇప్పటికీ కారు నడపడం రాదు.”

వాడు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. కాన్వెంటులో బాకీపడ్డ ఆ అరవై సార్లూ ఆ ఒక్క నిమిషంలో రాసినట్టయింది.

వడ్లు ఏరి పరిచేసరికి పన్నెండు దాటింది. వెంకటరత్నమ్మ చల్లబడి, సీసాతో మంచినీళ్ళు కూడా ఇచ్చింది. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి అభినవ్ తనే తీశాడు.

“నాన్నా, సంతకం అవలేదు. కాదు, ఆవిడ పెట్టననలేదు. నేనే అడగలేదు. రేపు రైల్లో వెళ్తా. ఇంటికొచ్చి చెప్తా. అమ్మకి తాళం ఇచ్చేస్తా.”

అటునుంచి ఏదో గట్టిగా వినపడింది. వాడు చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని, “వింటున్నా నాన్నా,” అన్నాడు, అంతే.

స్వర్ణలత గారు గడ్డి మీద కూర్చుని నోటుపుస్తకం తీసింది. పెన్ను వాడికిచ్చింది.

“నువ్వే రాయి.”

వాడు పుస్తకం మోకాలి మీద పెట్టుకున్నాడు. వడ్లు అని రాస్తాడనుకున్నాను. నా పేరు రాసినా తప్పులేదనుకున్నాను. రాసి పుస్తకం తిరిగిచ్చాడు. ఆవిడ చదివి నాకు చూపించింది.

‘అభినవ్ – ముందు నడిచేవాళ్ళకి నేనొస్తున్నట్టు తెలియదు.’

ఆవిడ పుస్తకం బ్యాగులో పెట్టుకుని లేచింది. తెగిన చెప్పు గడ్డిలో వదిలేసి, ఎడమది కూడా విడిచి చేత్తో పట్టుకుంది. ఉత్తి కాళ్ళతో డ్రైవరు సీటు వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అంది.

“రేపు పొద్దున ఐదున్నరకి రా. డబ్బాలో. ఇక అసలుది మొదలుపెడదాం.”