గడియారం పక్కన మూడే ఐకాన్లు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. ఇది రాస్తున్నది ఎవరినో భయపెట్టడానికి కాదు. ఒకమ్మాయి మీద నేను వేసిన నింద తప్పని చెప్పడానికి.

విజయవాడలో మాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, శ్రద్ధాంజలి కార్డులు వేస్తాం. తెలుగు టైపు చేయడానికి ఒకటే కంప్యూటర్. దాని ముందు పదిహేనేళ్లు కూర్చున్నది సాంబశివరావు గారు. ఆయన గుండెపోటుతో పోయాక ఆ పనిలోకి పద్మ వచ్చింది. భవానీపురం నుంచి రోజూ బస్సులో వచ్చేది.

ఈ రోజుల్లో ప్రూఫు దిద్దడానికి ఎవరూ షాపుదాకా రారు. మేం మెసేజ్‌లో పంపుతాం, మార్పులు వాళ్లు మెసేజ్‌లోనే చెబుతారు. తెర అడుగున గడియారం పక్కన చిన్న ఐకాన్లు ఉంటాయి కదా, మెసేజ్‌ల ఐకాన్ కూడా అక్కడే ఉంటుంది. కొత్తది వస్తే దాని మీద ఎర్ర చుక్క పడుతుంది. అది ఎప్పుడూ పైకి కనపడేలా పద్మ సెట్టింగ్స్‌లో పెట్టుకునేది. మర్నాడు వచ్చి చూస్తే దాక్కుని ఉండేది. మళ్లీ పెట్టేది. ఒక్కోసారి పని మధ్యలోనే పోయేది.

"సార్, నేను పెట్టినవి నిలవట్లేదండీ. ఒక్కసారి మీరే చూడండి" అని నాతో ఎన్నిసార్లు చెప్పిందో! నేను చూడలేదు. "పెట్టడం రాకపోతే ఎట్లా నిలుస్తాయమ్మా?" అని నవ్వాను. సర్వీసు చేసే అతను వచ్చి "అప్‌డేట్ ప్రాబ్లం సార్, అదే పోద్ది" అని చెప్పి వెళ్లాడు. వాళ్లకు ప్రతి రోగానికీ అప్‌డేట్ ఒక్కటే పేరు.

అప్పుడు పామర్రు వాళ్ల పెళ్లి శుభలేఖ వచ్చింది. పాత శుభలేఖ ఫైలు తెరిచి పేర్లు మార్చుకోవడం మా వృత్తిలో అందరికీ అలవాటు. అలా మార్చేటప్పుడు పాత కార్డులో తాతగారి పేరు ముందున్న 'కీ.శే.' అలాగే ఉండిపోయింది. పెళ్లివారు ప్రూఫు చూసి ముందు 'ఓకే' అన్నారు. అరగంటకు 'ఆగండి, కీ.శే. తీసేయండి, తాతగారు ఉన్నారు' అని ఇంకో మెసేజ్ పెట్టారు. అప్పటికే ఐకాన్ దాక్కుంది. పద్మ ఆ రెండో మెసేజ్ చూడలేదు. కార్డులన్నీ అచ్చయిపోయాయి.

పెళ్లివారిని వెంటబెట్టుకుని ఆ తాతగారే స్వయంగా వచ్చారు. కార్డు బల్ల మీద పెట్టి, "ఏమయ్యా, పోయానని వేశావు సరే, తిథి కూడా వెయ్యకపోయావా? మావాళ్లకి తద్దినం పెట్టుకోడానికి వీలుగా ఉండేది" అన్నారు.

ఆయన నవ్వుతూనే అన్నారు. నాకే తల కొట్టేసినట్టయింది. ఆ కోపమంతా పద్మ మీద చూపించాను. మెసేజ్‌లు చూడటానికి బద్ధకించి నువ్వే దాచేసి, కంప్యూటర్ మీదకు తోస్తున్నావన్నాను. అబద్ధాలకోరువన్నాను. పెళ్లివారు, బైండింగ్ చేసే ఆడవాళ్లు, అందరూ ఉన్నారు. "పోనీలేవయ్యా, బతికే ఉన్నాగా, ఆ పిల్లని ఎందుకు?" అని తాతగారే అడ్డుపడ్డారు. నేను ఆగలేదు. పద్మ క్యారేజీ తీసుకుని వెళ్లిపోయింది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తర్వాత వేరే ప్రెస్ ఆయన ఫోన్ చేసి ఆ అమ్మాయి ఎలాంటిదని అడిగితే అదే మాట ఆయనకూ చెప్పాను. ఆయన పద్మను పనిలోకి తీసుకోలేదు.

మర్నాటి నుంచి టైపు నేనే చేసుకున్నాను. పాస్‌వర్డ్ మార్చాను. మెసేజ్‌ల ఐకాన్ కనపడేలా పెట్టి, సాయంత్రం ఆపే ముందు తెరను ఫోన్‌లో ఫొటో తీసి, తాళం నేనే వేసుకుని వెళ్లాను. పొద్దున నేనే తీశాను. ఐకాన్ లేదు. వరసగా వారం రోజులు ఫొటోలు తీశాను. ప్రతి ఉదయం గడియారం పక్కన అవే మూడు ఐకాన్లు: భూతద్దం, తెలుగు కీబోర్డు, స్పీకర్.

అక్షరాలను పెద్దవి చేసి చూపించే ఆ భూతద్దం నాకు అక్కర్లేదు. పద్మకూ అక్కర్లేదు. చూపు మందగించాక సాంబశివరావు గారు పెట్టుకున్నారు. పదిహేనేళ్లలో ఆఖరి రెండేళ్లు ఆ తెర మీద నేను చూసిన వరస సరిగ్గా అదే.

పాత ఖాతా నుంచి సెట్టింగ్స్ వస్తున్నాయేమో అన్నాడు సర్వీసు అతను. కొత్త ఖాతా తెరిచాం. తర్వాత కంప్యూటరే కొత్తది కొన్నాను. పాతదాని వైరు పీకి అటక మీద పెట్టించాను. మూడో రోజు ఉదయం కొత్త తెర మీద అవే మూడు, అదే వరసలో. ఆ కంప్యూటర్‌లో భూతద్దాన్ని నేను ఒక్కసారి కూడా తెరవలేదు.

"సాంబశివరావు గారే సార్, కుర్చీ వదల్లేకపోతున్నారు. గుమ్మానికి నిమ్మకాయలు కట్టిద్దాం" అన్నారు బైండింగ్ వాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. పొల్లు ఒకటి తప్పిపోతే అచ్చు ఆపించిన మనిషి ఆయన. ఇంకొకరి పని చెడగొట్టి, ఆ పిల్ల ఉద్యోగం పోతుంటే చూస్తూ ఊరుకుంటారా? బతికున్న మనిషిని నేను నిందించాను, పోయిన మనిషిని వీళ్లు నిందిస్తున్నారు. నిమ్మకాయలు కట్టనివ్వలేదు.

ఆ ఆదివారం పద్మ వాళ్లింటికి వెళ్లాను. కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. తప్పు నాదేనమ్మా, మళ్లీ పనిలోకి రమ్మన్నాను.

"అన్నది పదిమంది ముందు కదండీ. మా ఇంట్లో నాకొక్కదానికి చెబితే ఎట్లా సార్?" అంది.

ఆ అమ్మాయి గొంతు కూడా పెంచలేదు. నేను లేచి వచ్చేశాను.

ఆ ప్రెస్ ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. బైండింగ్ వాళ్లను నిలబెట్టి చెప్పాను. పామర్రు వెళ్లి తాతగారికి చెప్పాను. మిగిలినవాళ్లకు ఇలా రాసి చెబుతున్నాను. పద్మ తిరిగి రాలేదు. రమ్మని మళ్లీ అడిగే హక్కు నాకు లేదు.

ఈ ఉదయం కూడా మూడే ఉన్నాయి. ఎలా మారుతున్నాయో, ఎవరు మారుస్తున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. పద్మ మాత్రం మార్చలేదు.